దూరిన ప్రతి స్క్రూ సరిపోయినట్టు కాదు

సంపాదకులకు,

పాత ఫిషింగ్ రీళ్ల మరమ్మతు మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాం. గేర్లు కడగడం, డ్రాగ్ వాషర్లు మార్చడం గురించి రాసినదాంతో పేచీ లేదు. స్క్రూల దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘పోయినదాని బదులు అదే లావున్నది ఏదైనా బిగించుకోవచ్చు, అమెరికన్ 4 నంబరు అంటే 3 ఎంఎం’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఇది తప్పు. పాత రీళ్లలో కన్నాలు పాడయ్యేది ఎక్కువగా ఇలాంటి సలహాలతోనే.

స్క్రూ పోతే ఇంకోటి సంపాదించవచ్చు, లేదా చేయించవచ్చు. ఫ్రేము పిల్లర్‌లోనో పక్క పలకలోనో ఉన్న థ్రెడ్, అంటే కన్నం లోపలి చుట్లు, పోతే ఆ రీలుకి మళ్లీ ఆ థ్రెడ్ రాదు. అందుకే కన్నం జోలికి వెళ్లకూడదు. కోసినా, అరగదీసినా, వెతికినా అదంతా స్క్రూతోనే పెట్టుకోవాలి.

వ్యాసంలో చెప్పిన ఉదాహరణే తీసుకుందాం. అమెరికన్ 4-40 స్క్రూ లావు 0.112 అంగుళం, అంటే 2.84 ఎంఎం. అంగుళానికి 40 చుట్లు కాబట్టి చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం, అంటే పిచ్, 0.635 ఎంఎం. మెట్రిక్ పద్ధతిలోని ఎం3 స్క్రూ లావు 3 ఎంఎం, పిచ్ 0.5. ఇత్తడి పిల్లర్‌లో ఉన్న 4-40 కన్నంలో ఎం3 ఉక్కు స్క్రూ పెట్టి తిప్పితే మొదటి చుట్టు కాస్త బిగువుగానైనా పడుతుంది. రెండో చుట్టుకే పావు మిల్లీమీటరుకు పైగా తేడా వచ్చేస్తుంది. అక్కణ్ణుంచి ఉక్కు ఇత్తడిని చెక్కడం మొదలుపెడుతుంది. చేతికి మాత్రం ‘బాగా బిగుసుకుంటోంది’ అనే అనిపిస్తుంది. విప్పి చూస్తే స్క్రూ చుట్ల మధ్య పసుపు పొట్టు కనిపిస్తుంది. అది కన్నంలో ఉండాల్సిన థ్రెడ్. ఆ తర్వాత ఆ కన్నంలో ఎం3 సరిగా పట్టదు, అసలు స్క్రూ తెచ్చి పెట్టినా నిలవదు.

కాబట్టి ముందు రీలు పుట్టిల్లు తెలుసుకోవాలి. ఫిలడెల్ఫియాలో చేసిన పెన్, ఓషన్ సిటీ, ఏక్రన్‌లో చేసిన ఫ్లూగర్, కలమజూలో చేసిన షేక్‌స్పియర్ లాంటి అమెరికా రీళ్లలో కనిపించేది నంబరు పద్ధతి: 2-56, 3-48, 4-40, 5-40, 6-32, 8-32. మొదటి అంకె లావుకి, రెండోది అంగుళానికి ఎన్ని చుట్లో చెప్పడానికి. నంబరుని 0.013తో గుణించి 0.060 కలిపితే అంగుళాల్లో లావు వస్తుంది. 6 నంబరుకి 0.138 అంగుళం, అంటే సుమారు 3.5 ఎంఎం. పాతకాలపు అమెరికా రీళ్లలో 4-36, 6-36 లాంటివి కూడా తగలవచ్చు. ఇవి ఇప్పుడు మామూలు హార్డ్‌వేర్ షాపుల్లో పెట్టరు. 4-40 దొరికింది కదా అని 4-36 కన్నంలో దింపితే పైన చెప్పిన కథే, కాకపోతే ఒకటి రెండు చుట్లు ఆలస్యంగా.

ఇంగ్లండ్ రీళ్లది వేరే లెక్క. ఆల్నిక్‌లోని హార్డీ, రెడిచ్‌లోని యంగ్ కంపెనీల రీళ్లలో చిన్న స్క్రూలు చాలావరకు బీఏ, అంటే బ్రిటిష్ అసోసియేషన్ థ్రెడ్. 1884లో ఆ సంస్థ దీన్ని ఖాయం చేసింది. పేరు బ్రిటిష్‌దైనా కొలత మిల్లీమీటర్లలోనే ఉంటుంది, మూలం స్విస్ గడియారాల పనివాళ్ల థ్రెడ్. 0బీఏ లావు 6 ఎంఎం, పిచ్ 1 ఎంఎం. అక్కణ్ణుంచి నంబరు పెరిగేకొద్దీ స్క్రూ సన్నబడుతుంది. అమెరికన్ నంబర్లకు ఇది పూర్తిగా తలకిందులు. 2బీఏ 4.7 ఎంఎం, పిచ్ 0.81, 4బీఏ 3.6, పిచ్ 0.66, 6బీఏ 2.8, పిచ్ 0.53, 8బీఏ 2.2, పిచ్ 0.43. అన్నిటికంటే ముఖ్యమైన తేడా థ్రెడ్ కోణంలో ఉంది. అమెరికన్‌కీ మెట్రిక్‌కీ 60 డిగ్రీలు. బీఏకి నలభై ఏడున్నర. పైగా బీఏ థ్రెడ్ కొనలు గుండ్రంగా ఉంటాయి.

ఫ్రాన్స్‌లోని క్లూజ్‌లో తయారైన మిచెల్ 300, స్వీడన్‌లోని స్వెంగ్‌స్టాలో తయారైన ఆబూ అంబాసడర్ మెట్రిక్ దేశాల సరుకు. ఆబూ సంస్థ 1921లో మొదలైంది గడియారాల కోసం. రీళ్లకు వచ్చింది తర్వాత. అందుకే ఈ రీళ్లలో గడియారం పనికి దగ్గరగా ఉండే సన్నటి స్క్రూలు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఎం2 పిచ్ 0.4, ఎం2.5 పిచ్ 0.45, ఎం3 పిచ్ 0.5, ఎం3.5 పిచ్ 0.6, ఎం4 పిచ్ 0.7. జపాన్ రీళ్ల దగ్గర ఒక మెలిక ఉంది. అంతర్జాతీయ ఐఎస్‌ఓ కొలతలకు మారకముందు అక్కడ ఎం3కి పిచ్ 0.6, ఎం4కి 0.75 వాడారు. 1960ల నాటి రీలులో ఇప్పటి ఎం3 దిగకపోతే కన్నం పాడైందనుకుని ట్యాప్ (కన్నంలో చుట్లు కోసే పనిముట్టు) తీయకండి, ముందు పిచ్ కొలవండి.

పంతొమ్మిదో శతాబ్దపు రీళ్లకు ఏ పట్టికా పనికిరాదు. అమెరికాలోని కెంటకీ పనివాళ్లు తమ ట్యాపులు, డైలు (స్క్రూ మీద చుట్లు కోసేవి) తామే చేసుకుని ఒక్కో స్క్రూని ఒక్కో కన్నానికి విడిగా కూర్చేవారు. స్క్రూ మీదా కన్నం పక్కనా ఒకే నంబరో చుక్కలో ఉండేవి. అలాంటి రీలులో పక్కపక్క స్క్రూలు కూడా తారుమారు చేయకూడదు. ఆ స్క్రూ పోతే చేయించుకోవడమే గతి.

పుట్టిల్లు తెలిశాక కూడా కొలవాలి, ఎందుకంటే ఈ రీళ్లను మధ్యలో ఎంతమంది విప్పి ఉంటారో చెప్పలేం. ఒక చిన్న ఆనవాలు: కూడిక గుర్తు గాడి ఉన్న ఫిలిప్స్ స్క్రూకి పేటెంట్ వచ్చింది 1936లో. అంతకు ముందు చేసిన రీలులో ఫిలిప్స్ తల కనిపించిందంటే తర్వాత ఎవరో పెట్టిందే. దాన్ని నమూనాగా పట్టుకుని ఇంకోటి కొంటే ఒక తప్పుని రెండు చేసినట్టే. అదే రీలులో చెయ్యి పడని జతస్క్రూ ఏదో వెతికి దాన్ని కొలవండి.

కొలతకు డిజిటల్ వెర్నియర్ చాలు. స్క్రూ లావు ఎప్పుడూ పేరులో ఉన్న కొలత కంటే కాస్త తక్కువే ఉంటుంది. మామూలు 4-40 సుమారు 2.70 నుంచి 2.82 దాకా, ఎం3 సుమారు 2.87 నుంచి 2.98 దాకా చూపిస్తాయి. కాబట్టి 2.92 వచ్చిందంటే అది 4 నంబరు కాదు. 2.78 వచ్చిందంటే ఎం3 కాదు, 4 నంబరో 6బీఏనో కావచ్చు. అరిగిన చోట కాక తల కింద అరగని చుట్ల మీద కొలవాలి.

పిచ్ కొలవడంలోనే చాలామంది జారిపోతారు. వెర్నియర్ మొనల్ని మొదటి చుట్టు కొనమీదా ఆరో చుట్టు కొనమీదా పెడితే మధ్యలో ఉండేవి ఐదు పిచ్‌లు, ఆరు కాదు. ఆ దూరాన్ని ఐదుతో భాగించాలి. 3.2 ఎంఎం దగ్గర వస్తే 40 చుట్ల థ్రెడ్, 2.5 వస్తే ఎం3, 2.65 వస్తే 48 చుట్లదో 6బీఏనో. ఆరుతో భాగిస్తే 40 చుట్లది 0.53గా కనిపించి 6బీఏ అని పొరబడతారు. స్క్రూ మరీ పొట్టిదైతే కొలత మీద నమ్మకం వద్దు. థ్రెడ్ ఇదీ అని ఖాయంగా తెలిసిన స్క్రూని దాని పక్కన ఆనించి, చుట్లలో చుట్లు కూర్చోబెట్టి వెలుతురుకి ఎత్తి చూడాలి. ఒకటే థ్రెడ్ అయితే మధ్యలో వెలుగు రాదు. పిచ్ తేడా ఉంటే ఒక చివర కలిసి రెండో చివరకి సందు తెరుచుకుంటుంది. ఇందుకోసమే ప్రతి సైజులో పొడుగాటి స్క్రూ ఒక్కొక్కటి పేరు రాసి దాచుకోవడం మంచిది. థ్రెడ్ గేజు ఆకులు కూడా ఇదే పని చేస్తాయి, కానీ సన్నటి స్క్రూల మీద పొడుగాటి స్క్రూతో చూసిందే స్పష్టంగా తెలుస్తుంది.

6బీఏ, అమెరికన్ 4-48 ఉన్నాయే, ఈ జత అన్నిటికంటే మోసకారి. లావు 2.8, 2.84. పిచ్ 0.53, 0.529. వెర్నియర్‌కి అవి కవలలే. కోణం మాత్రం 47.5కీ 60కీ తేడా. 4-48ని 6బీఏ కన్నంలో పెడితే చుట్టంతా ఆనకుండా అంచుల మీదే పట్టుకుంటుంది, ఊగుతుంది, రెండు మూడుసార్లు విప్పి బిగించేసరికి కన్నం వదులైపోతుంది. భూతద్దంలో చూస్తే బీఏ చుట్టు గుండ్రంగానూ నిటారుగానూ, అమెరికన్ చుట్టు వాడిగానూ పరుచుకున్నట్టూ కనిపిస్తుంది. ఇంగ్లండ్ రీలు అయితే బీఏ అనే మొదలుపెట్టండి. దీనికి విరుద్ధంగా 2-56, ఎం2.2 చాలా దగ్గరివి: పిచ్ 0.4536, 0.45. నాలుగైదు చుట్లలో ఆ తేడా చేతికి తెలియదు. అయినా అది అవసరానికి పనికొచ్చే మినహాయింపే తప్ప పద్ధతి కాదు.

స్క్రూని కన్నంలో పెట్టాక మొదట వెనక్కి తిప్పాలి. ఒక చోట చిన్నగా ‘టక్’మని దిగినట్టు తెలుస్తుంది, అది పాత థ్రెడ్ మొదలు. అక్కణ్ణుంచి ముందుకు, వేళ్లతోనే, డ్రైవర్ లేకుండా. మూడు నాలుగు చుట్లు వేళ్లకు లొంగకపోతే ఆపేయండి. స్క్రూ తప్పయినా అయ్యుండాలి, కన్నంలో మురికైనా ఉండాలి.

మురికిని ట్యాప్‌తో తీయడం చాలామందికి అలవాటు. కొత్త ట్యాప్ పదునుకి మురికితో పాటు మంచి ఇత్తడి కూడా లేచి వస్తుంది. పుల్లతో, నూనెతో, సన్నటి ఇత్తడి బ్రష్‌తో శుభ్రం చేయండి. అవీ చాలకపోతే అదే థ్రెడ్ ఉన్న ఉక్కు స్క్రూ ఒకటి తీసుకుని పొడుగునా ఒక పక్క సన్నటి ఆకురాయితో గాటు పెట్టండి. దాన్ని నూనెతో వేళ్లమీద లోపలికీ బయటికీ తిప్పితే గాటులోకి మురికి చేరుతుంది, థ్రెడ్ తెగదు. అడుగు మూసుకున్న కన్నంలో నూనె నిండుగా పోసి స్క్రూ బిగించవద్దు. నూనెకు పోయే దారి లేక ఆ ఒత్తిడంతా గోడ మీద పడుతుంది, పెళుసు పోతపని, బేకలైట్ (పాతకాలపు గట్టి ప్లాస్టిక్) అయితే చీలిపోతాయి.

తల సంగతి. పలకలోకి మునిగే సీఎస్‌కే తలకి అమెరికన్‌లో 82 డిగ్రీలు, మెట్రిక్‌లోనూ బీఏలోనూ 90. ఒకదాని గుంటలో ఇంకోటి పెడితే తల అంతా ఆనదు, ఒక్క వలయం మీదే బరువు పడుతుంది. ఇత్తడి పలకైతే అచ్చు పడుతుంది. బేకలైట్ అయితే ఆ వలయం దగ్గరే పెచ్చు లేస్తుంది. థ్రెడ్ సరిపోయి కోణం సరిపోకపోతే స్క్రూని డ్రిల్లు చక్‌లో పట్టించి తిప్పుతూ ఆకురాయితో తల కింద కోణం సరిచేయవచ్చు. గుంటను మాత్రం తొలవకూడదు. ఇప్పటి స్క్రూల తలలు పాతవాటి కంటే వెడల్పుగా ఉండటం మామూలే. పక్కలు నిటారుగా ఉండే చీజ్ హెడ్‌లూ గుండు తలలూ గుంటలో దిగకపోతే అదే చక్‌లో చుట్టూ కాస్త తగ్గించుకోవాలి. చక్ దవడలు థ్రెడ్‌ని నలపకుండా రెండు నట్లు బిగించి వాటిని పట్టించాలి.

పొడుగు కొలిచే తీరు తలని బట్టి మారుతుంది. సీఎస్‌కే స్క్రూకి తలతో కలిపి మొత్తం పొడుగు. గుండు తల, చీజ్ హెడ్, పాన్ హెడ్‌లకు తల కింద నుంచే. సీఎస్‌కే మీద కాస్త ఉబ్బు ఉంటే ఆ ఉబ్బుని లెక్కలోకి తీసుకోరు. సరుకు ఆర్డరిచ్చేటప్పుడు ఇక్కడ తప్పితే తలంత పొడుగు తేడా వస్తుంది. పొడుగెక్కువైతే ఏమవుతుందో చెప్తాం: పక్క పలక నుంచి లోపలికి పొడుచుకొచ్చిన కొన గేరుకో స్పూలు (దారం చుట్టుకునే చక్రం) అంచుకో రాసుకుంటుంది. రీలు బరువుగా తిరుగుతోందని బేరింగులు మార్చినా తీరని గొడవ చాలాసార్లు ఇదే. అడుగు మూసిన కన్నమైతే కొన అడుక్కి తగిలి ఆగుతుంది, తల మాత్రం ఆనదు, పలక వదులుగానే ఉంటుంది. ఇంకా బలం పెడితే తల తెగుతుంది. పొట్టిదైతే రెండు చుట్ల మీదే బరువంతా పడి అవి ఊడిపోతాయి. ఇత్తడిలో స్క్రూ లావుకి ఒకటిన్నర రెట్లు లోపలికి దిగితే నిశ్చింత. ఒకే పలకలో పిల్లర్లకు వెళ్లేవీ రీలు కాలికి (కర్రకు బిగించే భాగానికి) వెళ్లేవీ వేర్వేరు పొడుగులు ఉండొచ్చు కాబట్టి విప్పేముందు అట్టముక్క మీద పలక బొమ్మ గీసి, ఏ కన్నం స్క్రూని ఆ చోటే గుచ్చి పెట్టుకోవాలి.

పొడుగు స్క్రూని కత్తిరించేటప్పుడు ముందు అదే థ్రెడ్ నట్టు ఎక్కించి, తర్వాత కోసి, కొనని ఆకురాయితో ఏటవాలుగా దిద్ది, అప్పుడు నట్టుని విప్పాలి. బయటికొస్తూ అది నలిగిన మొదటి చుట్టుని సరిచేస్తుంది. నట్టు లేకుండా కోసిన స్క్రూ కన్నం మొదట్లోనే అడ్డదిడ్డంగా పడుతుంది.

లోహం విషయంలో ‘స్టెయిన్‌లెస్ పెట్టేస్తే తుప్పు గొడవ ఉండదు’ అన్నమాట సగమే నిజం. రెండు లోహాలు ఉప్పునీటిలో తగిలితే తక్కువ జాతిది తినేయబడుతుంది. ఇక్కడ ఏది చిన్నది, ఏది పెద్దది అన్నది చూడాలి. ఇత్తడి పలకలో మామూలు ఉక్కు స్క్రూ పెడితే తినేయబడేది చిన్నదైన స్క్రూ, అందుకే త్వరగా పోతుంది, తల ఊడి మొండెం లోపల మిగులుతుంది. అల్యూమినియం ఫ్రేములో స్టెయిన్‌లెస్ పెడితే పోయేది అల్యూమినియం. అదీ బయట కనిపించదు, చుట్ల మధ్య తెల్లటి పొడి పేరుకుని స్క్రూని కదలకుండా పట్టేస్తుంది. ఇత్తడి పిల్లర్‌లో నికెల్ పూత ఇత్తడి స్క్రూ అయితే ఈ బెడద లేదు. పైగా తప్పుగా పడితే అరిగేది చాలావరకు స్క్రూయే, పిల్లర్ కాదు. ఇత్తడిలో స్టెయిన్‌లెస్ పెట్టక తప్పకపోతే, అల్యూమినియంలో ఏది పెట్టినా, చుట్లకు నీటికి కడుక్కుపోని మెరైన్ గ్రీజు రాయండి.

ఇక దొరకడం గురించి. అన్నిటికంటే సులువైన దారి అదే మోడల్ చెడిపోయిన రీలు ఒకటి కొనడం. స్క్రూలతో పాటు హ్యాండిల్ నట్టు, క్లిక్ స్ప్రింగు కూడా వస్తాయి. పాత కంపెనీల విడిభాగాల బొమ్మల పటాల్లో స్క్రూకి నంబరు ఉంటుంది. పెన్ నంబర్ల పద్ధతి తెలిస్తే చాలా కలిసొస్తుంది: గీతకు ముందున్న అంకె ఆ భాగం చేసే పనికి, తర్వాత ఉన్నది మోడల్‌కి. 5-500 అంటే 500 మోడల్ మెయిన్ గేరు. స్క్రూలకూ అదే తీరు, కానీ ఒక మోడల్ నంబరు ఇంకో మోడల్‌కి సరిపోతుందని ఊహించకండి, పొడుగు మారవచ్చు. బీఏ స్క్రూలు బొమ్మ రైలింజన్లు, ఆవిరి యంత్రాల నమూనాలు చేసేవాళ్లకు సరుకు అమ్మేచోట ఇప్పటికీ దొరుకుతాయి. సన్నటి అమెరికన్ సైజులు తుపాకీ మరమ్మతు సరుకులోనూ ఉంటాయి. ఆర్డరిచ్చేటప్పుడు లావు, పిచ్ లేదా అంగుళానికి చుట్లు, తల రకం, గాడి రకం, పొడుగు, లోహం ఇవన్నీ రాయాలి. ‘పాత రీలు స్క్రూ’ అంటే ఎవరూ ఏమీ ఇవ్వలేరు.

బిగుసుకుపోయిన స్క్రూ దగ్గర తొందరపాటే శత్రువు. తుప్పు వదిలించే నూనె వేసి ఒక రాత్రి వదిలేయండి. గాడికి అచ్చంగా సరిపోయే, రెండు పక్కలూ సమాంతరంగా దిద్దిన మొన ఉన్న డ్రైవరే వాడండి. ఏటవాలు మొన గాడిలోంచి పైకి ఎక్కి తలను చీరేస్తుంది. కదలకపోతే సోల్డరింగ్ ఐరన్ మొనని తల మీద ఆనించి వేడి పెట్టవచ్చు, కానీ బేకలైట్ పక్కన వద్దు. జపాన్ కూడిక తలలకు మామూలు ఫిలిప్స్ డ్రైవర్ పూర్తిగా దిగదు, జారిపోతుంది. హ్యాండిల్ నేరుగా గేరులోకి స్క్రూలా దిగే స్పిన్నింగ్ రీళ్లలో ఒక పక్కది ఎడమ థ్రెడ్ కావచ్చు కాబట్టి ఎటు తిప్పితే వదులవుతుందో ముందు తేల్చుకోండి.

ఇత్తడిలో ఉక్కు స్క్రూ తెగి మిగిలిపోతే గడియారాల పనివాళ్ల ఉపాయం ఒకటుంది: పటిక. గోరువెచ్చని నీటిలో కరిగినంత పటిక వేసి, గాజు గిన్నెలో ఆ భాగాన్ని ముంచి ఉంచితే ఉక్కు మెల్లగా కరిగి నల్లటి మడ్డిగా మారుతుంది, ఇత్తడి మిగులుతుంది. గంటల్లో అయ్యేది కాదు, ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. ముంచే ముందు మిగతా ఉక్కు భాగాలన్నీ విప్పేయాలి, లేకపోతే అవీ కరుగుతాయి. పూత మీద మరకలు పడుతున్నాయేమో మధ్యలో తీసి చూస్తుండాలి. స్టెయిన్‌లెస్ స్క్రూకీ ఇత్తడి స్క్రూకీ ఇది పనిచేయదు.

థ్రెడ్ నిజంగానే పోయిన కన్నానికి పెద్ద సైజు ట్యాప్ వేయడం ఆఖరి మాట. దానికి ముందు కన్నాన్ని ఇత్తడి చీలతో మూసి అసలు సైజే మళ్లీ వేయించే వీలుందేమో చూడండి. 4-40కి 2.25 ఎంఎం డ్రిల్లు, 6-32కి 2.7, ఎం3కి 2.5.

బిగించేటప్పుడు ఒక స్క్రూని పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్లకూడదు. అన్నీ వేళ్లతో దింపి, ఎదురెదురు జతలుగా కొద్దికొద్దిగా బిగించాలి, ముఖ్యంగా బేకలైట్ పలకలకు. స్క్రూలు వదులవుతున్నాయని లాక్ చేసే జిగురు వాడాలనుకుంటే తక్కువ పట్టున్న రకమే, అదీ లోహంలోకి దిగే స్క్రూకే. కొన్ని ప్లాస్టిక్‌లను ఆ ద్రవం పగుళ్లు వచ్చేలా చేస్తుంది కాబట్టి ప్లాస్టిక్ పలకల దగ్గర అది వద్దు, గ్రీజే నయం.

ఇట్లు,
పాత రీళ్లు బాగుచేసే కొందరు పాఠకులు